50 దాటిన మగవాళ్లందరికీ పీఎస్ఏ పరీక్ష: క్యాంపులో చేయించాలా, వద్దా?

ప్రొద్దుటూరు బంగారం
అన్నలకు, పెద్దలకు నమస్కారం. వచ్చే ఆదివారం మా వీధి కల్యాణ మండపంలో ఉచిత వైద్య శిబిరం ఉంది. 50 దాటిన మగవాళ్లందరికీ ప్రోస్టేట్ (మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే గ్రంథి) కోసం పీఎస్ఏ రక్త పరీక్ష చేస్తారంట. ఆటోకు మైకు కట్టి ఊరంతా చెబుతున్నారు. మా ఇంట్లో ముగ్గురం ఆ లెక్కలోకి వస్తాం. నాయనకు 68. రాత్రి నాలుగైదు సార్లు లేస్తాడు, ధార సన్నం, పోసి వచ్చినా ఇంకా మిగిలినట్టే ఉంటుందంటాడు. మా మామకు 77. ఏ ఇబ్బందీ లేదు, ఇప్పటికీ శనగ చేనుకు నడిచే పోతాడు. నాకు 52, బాగానే ఉన్నా. ‘ఉచితమే కదా, ముగ్గురూ పోయి రండి’ అంటుంది మా ఆవిడ. తెలిసిన డాక్టరు ఒకాయనేమో ‘ఊరికే టెన్షన్ కొని తెచ్చుకోవద్దు’ అన్నాడు. ఎవరి మాట వినాలి?

గండికోట గాలి
ఇందులో చర్చేముంది? ముగ్గురూ పోండి. మా పెదనాయన నడుం నొప్పి అని ఏడాదంతా బామ్ రుద్దించుకున్నాడు, సూదులు వేయించుకున్నాడు. చివరికి ఫొటో తీస్తే ఎముకల్లో క్యాన్సర్ కనపడింది. మొదలు ప్రోస్టేట్‌లో. ఆయనకు మూత్రం దగ్గర ఒక్క ఇబ్బంది కూడా లేదు, గుర్తు పెట్టుకోండి. ప్రోస్టేట్ క్యాన్సర్ మొదట్లో ఏమీ చెప్పదు. ముందే పీఎస్ఏ చేయించి ఉంటే ఈ రోజు మా ఇంటి కథ వేరేగా ఉండేది.

కొండారెడ్డి బురుజు
గాలి అన్నా, పెదనాయన సంగతి బాధాకరమే. కానీ ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోతున్నాయి. బంగారం వాళ్ల నాయనకు లక్షణాలున్నాయి. ఆయనకు కావాల్సింది డాక్టరు, క్యాంపు కాదు. మిగతా ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు. నేను ‘ఆలోచించండి’ అనేది వాళ్ల గురించి.

పీఎస్ఏ అనేది క్యాన్సర్ పరీక్ష కాదు. అది ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే ఒక ప్రోటీన్. గ్రంథి పెరిగినా పెరుగుతుంది, చీము పట్టినా పెరుగుతుంది, మూత్రం ఆగిపోయి పైపు వేసినా పెరుగుతుంది. మామూలుగా 4 (మిల్లీలీటరుకు ఇన్ని నానోగ్రాములని లెక్క) దాటితే ఎక్కువ అంటారు. 4 నుంచి 10 మధ్య వచ్చినవాళ్లకు బయాప్సీ (సూదితో గ్రంథి ముక్క తీసి చూడడం) చేస్తే నలుగురిలో సుమారు ఒకరికే క్యాన్సర్ తేలుతుంది. మిగతా ముగ్గురూ ఊరికే భయపడినట్టు, సూదులు పొడిపించుకున్నట్టు. ఇంకో పక్క, 4 లోపే ఉండి కూడా క్యాన్సర్ ఉన్నవాళ్లున్నారు. 1970లో ఈ ప్రోటీన్ మీద పనిచేసిన రిచర్డ్ ఆబ్లిన్ అనే శాస్త్రవేత్తే, దీన్ని పట్టుకుని ఊరందరినీ జల్లెడ పట్టడం తప్పని తర్వాత గట్టిగా రాశాడు.

గండికోట గాలి
శాస్త్రవేత్తల మాటే అయితే నేనూ చెబుతా. ఐరోపాలో ఎనిమిది దేశాల్లో మగవాళ్లను రెండు గుంపులు చేసి, ఒక గుంపును పీఎస్ఏకు పిలిచి 23 ఏళ్లు చూశారు. పిలిచిన గుంపులో ప్రోస్టేట్ క్యాన్సర్ చావులు 13 శాతం తగ్గాయి. అది తక్కువా?

కొండారెడ్డి బురుజు
ఆ లెక్కనే ఇంకో వైపు నుంచి చదువు అన్నా. 456 మందిని పిలిస్తే ఒక్క చావు తప్పింది. ఆ ఒక్కరు మన ఇంటి మనిషైతే అదే లోకం, కాదనను. కానీ మిగతావాళ్లలో ఎంతోమందికి, ముదరకుండా అలాగే ఉండిపోయే క్యాన్సర్ బయటపడుతుంది. ఆపరేషన్ చేస్తే కొందరికి మూత్రం పట్టు తప్పుతుంది, సంసారం దెబ్బతింటుంది. బ్రిటన్‌లో పీఎస్ఏ ద్వారా, గ్రంథి దాటని క్యాన్సర్ తేలిన 1,643 మందిని కొందరికి ఆపరేషన్, కొందరికి రేడియేషన్, కొందరికి ఊరికే గమనిస్తూ ఉండడం అని మూడుగా విడగొట్టారు. 15 ఏళ్లకు చూస్తే ఏ దారిలో పోయినా ఆ క్యాన్సర్‌తో పోయింది నూటికి ముగ్గురు అటూ ఇటూ. అమెరికాలో ఇలాంటి పరీక్షల మీద సలహాలిచ్చే నిపుణులు 2012లో అసలు వద్దన్నారు. 2018లో మార్చుకుని, 55 నుంచి 69 మధ్య వాళ్లు డాక్టరుతో మాట్లాడి తేల్చుకోండి, 70 దాటితే వద్దు అన్నారు. మామకు 77. ఆయన్ని శనగ చేనుకే పోనీయండి.

గండికోట గాలి
అమెరికా లెక్క మనకెందుకు సామీ? వాళ్లు ఏళ్ల తరబడి కనపడినవాడికల్లా పరీక్ష చేసి, చిన్న చిన్నవి కూడా పట్టి కోశారు కాబట్టి తగ్గించండన్నారు. మన పల్లెల్లో ఎవరు చేయించుకుంటున్నారు? మనోళ్లు ఆసుపత్రికి పోయేటప్పటికే ముదిరిపోయి ఉంటుంది. కడుపు నిండినోడి పథ్యం ఆకలిగొన్నోడికి చెప్పినట్టుంది నీ మాట.

టవర్ క్లాక్ అనంత
అన్నలారా, నేను అనంతపురంలో ల్యాబ్‌లో పనిచేస్తా. గాలి అన్న చెప్పిన మాటలో బలముంది, నేను కొట్టిపారేయను. కానీ క్యాంపు ఎలా జరుగుతుందో చూసినవాడిగా చెబుతున్నా. రక్తం తీసేముందు ఎవరూ ఏమీ అడగరు. మూత్రంలో మంట ఉందా? ఈ మధ్య పైపు వేశారా? ప్రోస్టేట్ మాత్రలు వాడుతున్నారా? ఫినాస్టిరైడ్, డ్యూటాస్టిరైడ్ రకం మాత్రలు ఆరు నెలలు వాడితే పీఎస్ఏ సగానికి పడిపోతుంది. రిపోర్టులో 3 ఉంటే అసలు లెక్క 6 అని డాక్టరు రెట్టింపు చేసి చూడాలి. కాగితం మీద ‘నార్మల్’ అని చూసి ఇంటికి పోతే? ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు తీసిన పీఎస్ఏ అయితే మరీ పనికిరాదు. తగ్గినాక కనీసం ఆరు వారాలు ఆగాలి. పరీక్షకు ముందు రెండు రోజులు సంసారం కూడా వద్దంటారు. ఇది మైకులో చెప్పరు కదా!

ఇంకొకటి. ఎక్కువ వచ్చినవాళ్ల ఫోన్ నంబర్లు ఎవరి దగ్గర ఉంటాయి? తర్వాత ఎమ్మారై ఎక్కడ, బయాప్సీ ఎక్కడ? క్యాంపు పెట్టేవాళ్లను ముందు ఇది అడగండి. జవాబుంటే పోండి.

కడప కోడలు
మగవాళ్లు కాకపోయినా మాట్లాడొచ్చా? రాత్రి నిద్ర చెడేది మాది కూడా. మా మామయ్యకు ఎండాకాలం మిద్దె మీద పడుకునే అలవాటు. కర్నూలు డాక్టరు మూత్రం సాఫీగా పోవడానికి టామ్సులోసిన్ మాత్ర రాశాడు. నాలుగు రోజుల్లోనే ధార బాగైంది. కానీ ఒక రాత్రి గబుక్కున లేచి మెట్ల దగ్గర కళ్లు తిరిగి కూలబడ్డాడు. ఆ మాత్ర కొందరికి లేచి నిలబడగానే బీపీ పడేస్తుందంట. ఇప్పుడు మిద్దె ఎక్కకుండా కిందే మంచం మీద పడుకుంటాడు, లేచి కాసేపు కూర్చున్నాకే అడుగు వేస్తాడు, పక్కన ఒక మూత డబ్బా పెట్టాం. కంటి శుక్లాల ఆపరేషన్ ఉంటే ఈ మాత్ర సంగతి కంటి డాక్టరుకు ముందే చెప్పాలన్నారు. మాకు ఎవరూ చెప్పలేదు, మేమే అడిగి తెలుసుకున్నాం.

క్యాన్సర్ గురించే అందరూ కొట్లాడుతున్నారు. ఎక్కువ మందికి ఉండేది మామూలు పెరుగుదలే కదా.

పల్లేరు సుబ్బయ్య
పల్లేరు కాయల కషాయం తాగితే ఇవన్నీ అవసరం లేదు. మా తాతల నుంచి తాగుతున్నాం.

ఆదోని మాస్టారు
సుబ్బయ్య గారూ, కషాయం మీద నాకు కోపం లేదు. నేనూ తాగాను, బార్లీ నీళ్లూ తాగాను. అడ్డం వచ్చిన గ్రంథి మాత్రం జరగలేదు. కోడలమ్మ చెప్పింది నిజం. 60 దాటిన మగవాళ్లలో సగం మందికి గ్రంథి పెరిగే ఉంటుంది. అది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు కూడా. రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు, అంతే.

బంగారం, మీ నాయనను యూరాలజిస్టు (మూత్ర సమస్యల డాక్టరు) దగ్గరికి తీసుకుపో. ఏడు ప్రశ్నల కాగితం ఒకటి ఇస్తారు. మార్కులు 35కు. 7 లోపు అయితే తేలిక, 20 నుంచి తీవ్రం. నాకు 24 వచ్చింది, బడిలో ఎప్పుడూ అన్ని మార్కులు తెచ్చుకోలేదు! తర్వాత మలద్వారంలో వేలు పెట్టి గ్రంథిని తడిమి చూస్తారు. అదొక్కటి చెప్పకుండా తీసుకుపోవద్దు, మన తరం వాళ్లు సిగ్గుతో లేచి వచ్చేస్తారు. అరనిమిషం పని. గ్రంథి గట్టిగా, గడ్డలా తగిలితే పీఎస్ఏ ఎంతున్నా వదలరు.

స్కానింగ్ దగ్గర ఒక కిటుకు. నీళ్లు తాగించి, మూత్రాశయం ఉబ్బినాక స్కాన్ తీసి, ‘పోసి రా’ అని మళ్లీ తీస్తారు, ఎంత మిగిలిందో చూడ్డానికి. బయట పదిమంది వరుసలో ఉండి తలుపు కొడుతుంటే నాలాంటివాడికి సగమే వస్తుంది. మిగిలింది ఎక్కువని రాసేశారు. మరుసటిసారి నిదానంగా పోయి తీయించుకుంటే సగానికి తగ్గింది. ఆ ఒక్క అంకె పట్టుకుని ఎవరైనా ఆపరేషన్ అంటే, మళ్లీ తీయించమని అడుగు.

నాకు చివరికి టీయూఆర్‌పీ చేశారు, మూత్రనాళం గుండానే గొట్టం పెట్టి లోపల గీకడం. కడుపు కోయరు. జలుబు మాత్ర మింగినాక ఒక రాత్రి మూత్రం పూర్తిగా బంద్ అయిపోయింది, అది రెండోసారి, అందుకే. మెడికల్ షాపులో జలుబు మాత్ర అడిగేటప్పుడు ‘నాకు ప్రోస్టేట్ ఉంది’ అని చెప్పండి. ఎండలకు భయపడి నీళ్లు మానేయొద్దు. పగలు బాగా తాగి, సాయంత్రం నుంచి తగ్గించుకోండి, రాత్రి కాఫీ, టీ వద్దు. షుగర్ చూపించుకున్నారా? షుగర్‌తో కూడా రాత్రిళ్లు లేస్తారు.

ప్రొద్దుటూరు బంగారం
మాస్టారూ, చేతులెత్తి దండం. నాయనను క్యాంపుకు పంపను, సోమవారం చీటీ రాయించుకుని నేరుగా యూరాలజీ ఓపీకి తీసుకుపోతా. మామ ఎలాగూ ‘నాకేం రోగం’ అంటున్నాడు. నా సంగతే తేలలేదు.

గండికోట గాలి
నువ్వు చేయించుకో తమ్ముడూ. 52 చిన్న వయసు కాదు. మా ఇంట్లో ఒకరికి వచ్చింది కాబట్టి నేను 45 నుంచే చేయించుకుంటున్నా.

కొండారెడ్డి బురుజు
ఇక్కడ అన్నతో కలుస్తా. తండ్రికో, అన్నదమ్ములకో ఆ క్యాన్సర్ వచ్చి ఉంటే లెక్క మారుతుంది, ముందుగానే మాట్లాడాలి. బంగారం, మీ ఇంట్లో ఎవరికైనా ఉందా? లేకపోతే ఎక్కువ వస్తే బయాప్సీ దాకా పోతావా, పోవా అని ముందే తేల్చుకో. పోనంటే రక్తం ఇవ్వడం దండగ.

గండికోట గాలి
పోనని ముందే ఎవరు చెప్పగలరు? అంకె చూసినాకే కదా తెలిసేది. నేను ఒప్పుకోను.

టవర్ క్లాక్ అనంత
మీ ఇద్దరూ కానీండి. బంగారం అన్నా, నాయనను ఓపీకి తీసుకుపోయే రోజు మొదట మూత్ర పరీక్ష, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్త పరీక్ష), షుగర్ చేయించు. మూత్రంలో చీము లేదని తేలినాకే పీఎస్ఏకు రక్తం ఇవ్వండి. వాడుతున్న మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుపో, బీపీ మాత్రతో సహా. కొన్ని బీపీ మాత్రలు మూత్రం ఎక్కువ పోయిస్తాయి, ఏ పూట వేసుకోవాలో డాక్టరునే అడగండి.