వడ్రంగంలో తృప్తి ఉంది, ఇంట్లోవారికి లేదు

ప్రశ్న:
ఇంజనీరింగ్ చదివి కొంతకాలం ఆఫీసు ఉద్యోగం చేసిన తరువాత వడ్రంగం నేర్చుకున్నాను. ఇప్పుడు నా జీవనాధారం అదే. చిత్రిక పట్టేటప్పుడు నారకు ఎదురు వెళితే పలక గరుకుగా చిట్లడం, దిశ మార్చగానే అదే పలక నుంచి పలుచని చుట్టలు రాలడం వంటి చిన్న విషయాలలో దొరికే తృప్తి నాకు ఉద్యోగంలో ఏనాడూ దొరకలేదు. కనుక పని వదలాలా అన్నది నా ప్రశ్న కాదు. "ఇంత చదివించింది ఉలి పట్టడానికా?" అని నాన్నగారు బాధపడుతున్నారు, ఎవరైనా అడిగితే అమ్మ "సొంత వ్యాపారం" అని మాట దాటవేస్తోంది. వారిని నొప్పించకుండా ఈ తృప్తిని నిలుపుకోవడం ఎలా?

మొదటి సమాధానం:
మీ నాన్నగారి బాధలో భయం ఎంత, పరువు ఎంత అన్నది ముందుగా విడదీసి చూడండి. భయం రాబడి గురించి అయితే మాటలు చాలవు. ఏ నెల ఎంత వచ్చిందో, కలపకూ పనిముట్లకూ ఎంత పోయిందో, చేతిలో ఎన్ని పనులు ఉన్నాయో రాసిన పద్దుపుస్తకాన్ని ఆయన ముందు పెట్టండి. పరువు విషయంలో మీరు చేయగలిగింది తక్కువ. అమ్మగారు దాటవేసిన చోట మాత్రం మీరే "వడ్రంగం చేస్తున్నాను" అని మామూలు గొంతుతో చెప్పండి.

రెండవ సమాధానం:
నేను చిన్నప్పటి నుంచి ఈ వృత్తిలోనే ఉన్నాను. చెక్క తేమను బట్టి అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది, పొడవునా దాదాపు కదలదు. ఆ కదలికకు చోటివ్వకుండా బల్ల పైపలకను చట్రానికి బిగించేస్తే, బిగించినవాడు ఎంత చదువుకున్నవాడైనా అది చీలుతుంది. బహుశా ఈ నిక్కచ్చితనమే మీకు నచ్చి ఉంటుంది. అయితే ఇంట్లోవారి భయంలో న్యాయమైనది ఒకటుంది, అది మీ ఒంటి గురించి. చెక్కపొడిని క్యాన్సర్ కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే వర్గీకరించింది. 85 డెసిబెల్స్ దాటిన మోతలో రోజూ ఎనిమిది గంటలు గడిపితే వినికిడి క్రమంగా దెబ్బతింటుంది. పొడిని లాగే యంత్రం, మాస్కు, చెవులకు రక్షణ లేకుండా తృప్తి గురించి మాట్లాడటం నాకు నచ్చదు.

మూడవ సమాధానం:
వ్యాపారుల ఇంట పుట్టిన తత్వవేత్త స్పినోజా కటకాలు సానపట్టే పని చేశాడు; 1673లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఆచార్య పదవి ఇస్తామన్నా వద్దన్నాడు. కాని ఈ ఉదాహరణను మీ నాన్నగారి దగ్గర ఎత్తకండి. స్పినోజాకు సంసారం లేదు, మిత్రుల సాయమూ అందింది. పైగా 44 ఏళ్లకే ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు, గాజు ధూళి అందుకు తోడై ఉండవచ్చని కొందరి ఊహ.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. పద్దుపుస్తకం ఉంది, పొడిని లాగే యంత్రం లేదు. ముందు అది కొంటాను. నాన్నగారు ఉద్యోగమంతా లెక్కల విభాగంలోనే చేశారు కనుక, తప్పులు పట్టడానికైనా ఆ పుస్తకం చదువుతారు.