పెళ్లిళ్ల ఫొటోగ్రఫీతో వృద్ధాశ్రమానికి సాయం చేయాలనుంది, ఎలా మొదలుపెట్టాలి?

గోదావరి_గట్టు:

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, స్టూడియోలో పోర్ట్రెయిట్లు, ఇదే మా బతుకుతెరువు. ముహూర్తాలున్న నెలల్లో తిండికీ నిద్రకీ తీరిక ఉండదు, ఆషాఢమో మూఢమో వచ్చిందంటే చేతిలో పని ఉండదు. ఊరి చివర ఒక వృద్ధాశ్రమం ఉంది. అక్కడ ఒక పెద్దాయన పోయినప్పుడు దండ వేయడానికి ఫొటో లేక ఆధార్ కార్డు మీది బొమ్మనే పెద్దది చేయించి పెట్టారు. మొహం పోల్చుకోవడానికి కూడా లేదు. అది చూసిన దగ్గర్నుంచి మనసు కుదురుగా లేదు.

నేననుకుంటున్నవి రెండు. ఒకటి, ప్రతి పెళ్లి ఆర్డర్ మీద కొంత డబ్బు ఆశ్రమానికి ఇవ్వడం. రెండోది, ఆషాఢంలో అక్కడికి వెళ్లి ఉన్న అందరికీ మంచి ఫొటోలు తీసి ప్రింట్లు ఇవ్వడం. డబ్బు ఎలా లెక్క కట్టాలి? నా దగ్గర పనిచేసే ఇద్దరు కుర్రాళ్లకు ఆ రోజు కూలీ ఇవ్వాలా, లేక సేవే కదా అని వాళ్లనీ ఊరికే రమ్మనవచ్చా? మా బావమరిది ఇవన్నీ ఇన్‌స్టాలో పెడితే ఆర్డర్లు పెరుగుతాయంటున్నాడు, నాకేమో అది నచ్చడం లేదు. అలాగని కస్టమర్లకు అసలు చెప్పకపోతే ఎలా? ఇంకోటి, నేను తీసిన పెళ్లి ఫొటోల్లో బాగున్నవి ఏరి క్యాలెండర్ వేసి అమ్మి ఆ డబ్బు కూడా ఇద్దామనుకుంటున్నాను. ఇలాంటివి చేసినవాళ్లు ఉంటే చెప్పండి.

పాత_నెగటివ్:

తమ్ముడూ, ముందు డబ్బు సంగతి. విజయవాడలో ఫిల్మ్ రోజుల నుంచీ ఇదే పనిలో ఉన్నాను కాబట్టి చెప్తున్నా. 'లాభంలో ఇంత శాతం' అని ఎప్పుడూ అనకు. పెళ్లి పనిలో లాభం ఎంతో ఆల్బమ్ ల్యాబ్ నుంచి వచ్చి, వీడియో ఎడిటింగ్ అయి, డ్రోన్ వాడికీ క్యాండిడ్ ఫొటోలు తీసేవాడికీ ఇచ్చేసి, ఆఖరి బ్యాలెన్స్ చేతికొచ్చేదాకా మనకే తెలియదు, ఆ బ్యాలెన్స్ కొన్నిసార్లు వాళ్లకు పిల్లలు పుట్టాక వస్తుంది. అందుకని పెళ్లికి ఇంత అని ఒక అంకె పెట్టుకో. వెయ్యి కావచ్చు, రెండు వేలు కావచ్చు. అడ్వాన్స్ పడిన రోజే ఆశ్రమం ఖాతాకు పంపించెయ్. రేటు కార్డు మీద కూడా ఒక్క లైను చాలు: ప్రతి ఆర్డర్ మీద ఇంత మొత్తం ఫలానా చోటికి వెళుతుంది. చోటు పేరు, అంకె రెండూ ఉండాలి. 'సేవా కార్యక్రమాలకు' అని గాల్లో రాస్తే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

ఆ డబ్బు నీ రేటులోంచే పోవాలి. కస్టమర్ దగ్గర అదనంగా వసూలు చేసి 'మేం ఇస్తున్నాం' అనడం న్యాయం కాదు. ఆడపిల్ల పెళ్లికి అప్పు చేసిన ఇంట్లో అదనంగా ఐదొందలు అడిగినా అది వాళ్ల మీద బరువే.

కుర్రాళ్లకు కూలీ ఇవ్వు. ఇది నాకు చాలా ముఖ్యమైన విషయం. సేవ చేయాలన్న కోరిక నీది, వాళ్లది కాదు. పెళ్లిళ్లు లేని నెలల్లో నీకంటే వాళ్లకే ఇబ్బంది ఎక్కువ, స్టూడియోకి రాబడి వచ్చినా రాకపోయినా నీకు ఇల్లు గడుస్తుంది, వాళ్లకు రోజు కూలీ పోతే గడవదు. ఇచ్చిన తర్వాత వాళ్లంతట వాళ్లే వద్దంటే అది వేరే మాట.

క్యాలెండర్ విషయంలో జాగ్రత్త. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ఉంది. ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద, వేరే ఒప్పందం రాసుకోకపోతే, మొదటి హక్కు ఆ తీయించుకున్నవాళ్లదే. మన కెమెరాతో తీశాం కాబట్టి మనదే అనుకునేవాళ్లు మన లైన్లో బోలెడుమంది. తలంబ్రాల ఫొటో ఎంత బాగా వచ్చినా ఆ పెళ్లివాళ్లు రాసిస్తేనే క్యాలెండర్‌కి ఎక్కాలి. పెళ్లికూతురు ఒప్పుకుంటే సరిపోదు, ఫ్రేములో ఉన్న అత్తగారిని కూడా అడుగు. నా సలహా, పెళ్లి ఫొటోల క్యాలెండర్ మానేసి గోదావరి ఫొటోలతో వేసుకో. కొవ్వూరు వంతెన మీద సాయంత్రం వెలుగు నీ చేతిలో పని, ఎవరినీ అడగక్కర్లేదు.

శాంత_ఓరుగల్లు:

నేను ఫొటోగ్రాఫర్‌ను కాదండి. వరంగల్ దగ్గర ఒక ఆశ్రమానికి ఆదివారాలు వెళ్లి పనిలో సాయం చేస్తుంటాను. మా దగ్గరికి ఫొటోలు తీయడానికి వచ్చినవాళ్లను చూశాను కాబట్టి అటువైపు నుంచి నాలుగు మాటలు.

చాలామంది వచ్చి చేసేది ఏంటంటే, ముడతలు పడ్డ చేతులు, బోసినవ్వులు, కిటికీలోంచి బయటికి చూస్తున్న మొహాలు తీసుకుని వెళ్లిపోతారు. అవి వాళ్ల పేజీలో కనిపిస్తాయి గానీ ప్రింట్ మాత్రం ఆ మనిషికి రాదు. మా అవ్వలకు దీనంగా కనిపించే ఫొటో అక్కర్లేదు. పట్టుచీర కట్టుకుని, పౌడర్ రాసుకుని, నిటారుగా కూర్చుని దిగుతారు, స్టూడియోలో దిగినట్టు. అదే వాళ్లకు కావాలి. కాబట్టి ముందు రోజే చెప్పి ఉంచండి, 'రేపు ఫొటోలు' అని. అద్దం, దువ్వెన, కొబ్బరినూనె, కుంకుమ, నాలుగు మూరల పూలు తీసుకెళ్లండి. క్షురకుణ్ని వెంట తీసుకెళ్తే తాతలకు అంతకంటే సంతోషం లేదు. చాలామంది ఫ్లాష్‌కి కళ్లు చిట్లిస్తారు, అందుకని వరండాలో నీడ ఉన్నచోట కుర్చీ వేసి వెనక ఒక తెల్ల దుప్పటి కడితే సరిపోతుంది. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకు వాటిని తీయించవద్దు, అవి లేకుండా వాళ్ల మొహం వాళ్లకే కొత్తగా ఉంటుంది. మా దగ్గరికొచ్చిన అబ్బాయి అద్దాల కాడలు చెవుల మీద కొంచెం పైకి లేపాడు, అద్దం కిందికి వంగి మెరుపు పోయింది.

ఆ అబ్బాయి గురించే ఇంకో మాట. ఒక అవ్వ వంతు వచ్చినప్పుడు సంచిలోంచి పాత పోస్టాఫీసు పాస్‌బుక్ తీసింది. అందులో వాళ్లాయన స్టాంప్ సైజు ఫొటో ఉంది, చెంప మీదుగా రబ్బరు ముద్ర పడి ఉంది. 'నా పక్కకు ఈయనను కూసోబెట్టొచ్చా బిడ్డా' అని అడిగింది. అతను పాస్‌బుక్‌ను వెలుతురులో పెట్టి దాన్నీ ఫొటో తీసుకున్నాడు, ముద్ర తుడిచేశాడు, ఆయన ఫొటోకు రంగు లేదు కాబట్టి ఆమె ఫొటోను కూడా నలుపు తెలుపులోకి మార్చి ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టాడు. ఆమె ఆ ప్రింట్‌లో మొదట చూసుకున్నది ఆయన చొక్కా కాలర్. 'కాలర్ నలిగింది, గట్లనే ఉండె' అంది. మీరు వెళ్లినప్పుడు ఇలాంటి పాత ఫొటోలు ఎవరి దగ్గరైనా ఉన్నాయేమో తప్పకుండా అడగండి. కొత్త ఫొటో కంటే దాని మీదే ఎక్కువ ఆశ పెట్టుకున్నవాళ్లు ఉంటారు.

ప్రింట్ సైజు కూడా ఆలోచించండి. పెద్ద గ్లాసు ఫ్రేము బాగుంటుంది గానీ వాళ్లకు ఉన్నది ఒక మంచం, ఒక ట్రంకు పెట్టె. లామినేషన్ చేసిన చిన్న ప్రింట్ ఒకటి వాళ్ల చేతికి, పెద్దది ఒకటి ఆశ్రమం వాళ్ల దగ్గర. ఆ పెద్దది ఎందుకో మీకే తెలుసు, ఆ మాట వాళ్ల ముందు అనకండి.

ఇన్‌స్టా విషయంలో నా మాట గట్టిదే. వాళ్ల మొహాలు పెట్టవద్దు. చాలామందికి ఊళ్లో కొడుకులు, కోడళ్లు ఉన్నారు. ఆశ్రమంలో ఉన్నట్టు చుట్టాలకు తెలియడం వాళ్లకు చిన్నతనం. మన మొహమాటానికి 'సరే పెట్టుకో నాయనా' అంటారు, అది ఒప్పుకోలు కాదు.

లెక్కల_బాబాయ్:

డబ్బు లెక్కలు చూసేవాడిగా కొన్ని.

ఉచితంగా తీసిన ఫొటోల విలువ ఇంత అని వేసుకుని పన్ను మినహాయింపు అడగడానికి లేదు. మన శ్రమకు, వస్తువుకు విరాళాల మీద పన్ను మినహాయింపు (80జీ అని పిలిచేది) వర్తించదు, డబ్బుగా ఇచ్చినదానికే. అదీ ఆ సంస్థకు 80జీ నమోదు ఉంటేనే, నగదుగా ఇస్తే 2,000 రూపాయలు దాటకూడదు. కొత్త పన్ను విధానంలో ఉంటే ఈ మినహాయింపు అసలు లేదు. కాబట్టి పన్ను కోసమైతే పెద్దగా ఏం మిగలదు, ఎలాగూ మీ ఉద్దేశం అది కాదు. అయినా యూపీఐతోనో చెక్కుతోనో ఇచ్చి రసీదు తీసుకోండి. ఆశ్రమం ట్రస్టు నమోదు పత్రాలు ఒకసారి చూపించమని అడగండి, నిజాయితీగా నడిపేవాళ్లు ఏమీ అనుకోరు.

ముఖ్యమైన విషయం. ఆశ్రమం కోసం ఒక రోజు పోర్ట్రెయిట్ క్యాంపు లాంటిది పెడితే జనం ఇచ్చే డబ్బు మీ ఖాతాలోకి రానివ్వకండి. వస్తే అది మీ వ్యాపార రాబడి కింద లెక్కకొస్తుంది, రేపు ఎవరైనా వేలెత్తి చూపితే జవాబు చెప్పడం కూడా కష్టం. ఆశ్రమం వాళ్ల క్యూఆర్ కోడే బల్ల మీద పెట్టండి. మనిషి అక్కడే వాళ్లకు కట్టి, ఫోన్లో చూపించి, మీ ముందు కూర్చుంటాడు. రసీదు అతని పేరు మీదే వస్తుంది. మీ చేతికి రూపాయి తగలదు.

డాలస్_తెలుగువాడు:

ఇక్కడ అమెరికాలో ఈ తరహా పనికి పాత ఉదాహరణలు ఉన్నాయి. నాష్‌విల్‌కు చెందిన జెరెమీ కవార్ట్ అనే ఫొటోగ్రాఫర్ 2008లో హెల్ప్ పోర్ట్రెయిట్ అని మొదలుపెట్టాడు. ఫొటో తీయించుకునే స్తోమత లేనివాళ్లకు ఫొటోగ్రాఫర్లు, మేకప్ చేసేవాళ్లు కలిసి ఫొటోలు తీసి ప్రింట్ చేతిలో పెడతారు. శాంత గారు చెప్పిందే, తీసుకోవడానికి కాదు, ఇవ్వడానికి. 2005లో కొలరాడోలో బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లి, ఒక పోర్ట్రెయిట్ ఫొటోగ్రాఫర్ కలిసి మొదలుపెట్టిన నౌ ఐ లే మీ డౌన్ టు స్లీప్ అనే సంస్థ ఉంది, పుట్టగానే చనిపోయే పసికందుల తల్లిదండ్రులకు ఫొటోగ్రాఫర్లు ఆసుపత్రికి వెళ్లి ఉచితంగా ఫొటోలు తీసిస్తారు. ఈ రెండింట్లోనూ నాకు నచ్చింది ఏంటంటే ఫొటోగ్రాఫర్లు తమకు వచ్చిన పనే ఇస్తున్నారు. చందాలు ఎవరైనా ఇవ్వగలరు, మొహం మీద వెలుతురు పడేట్టు కూర్చోబెట్టడం మీకే వచ్చు. మీ రెండో ఆలోచనే అసలైనదని నా అభిప్రాయం.

పాత_నెగటివ్:

డాలస్ గారూ, ఆ ఒక్కదానితో ఏకీభవించను. ఫొటో కావాల్సిందే, కానీ ఆశ్రమంలో నెల తిరిగేసరికి బియ్యం, మందులు, కరెంటు బిల్లు కూడా కావాలి. మన తమ్ముడి చేతిలో రెండూ ఉన్నాయి, రెండూ చేయనివ్వండి. ఫొటోలు ఆషాఢంలో, డబ్బు ఏడాది పొడుగునా. ఇక శాంతమ్మ చెప్పిన ఇన్‌స్టా మాట అక్షరాలా నిజం. పెట్టాలనుకుంటే ఆశ్రమానికి పంపిన డబ్బు రసీదు పెట్టు, మనుషుల్ని కాదు.

గోదావరి_గట్టు:

అందరికీ చాలా థాంక్స్. క్యాలెండర్ ఆలోచన మానేశాను. పెళ్లికి రెండు వేలు చొప్పున, అడ్వాన్స్ రోజే. కుర్రాళ్లకు పూర్తి కూలీ. ఇంకొక్క ప్రశ్న. మా ఫ్రెండ్ ఒకడు పిల్లల అనాథాశ్రమంలో కూడా ఇలాగే తీయమంటున్నాడు, స్కూల్ ప్రాజెక్టులకు ఫొటోలు కావాలట. అక్కడ ఏమైనా తేడా ఉంటుందా?

శాంత_ఓరుగల్లు:

చాలా తేడా ఉందండి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం అలాంటి సంరక్షణలో ఉన్న పిల్లల పేరు, స్కూలు, ఫొటో, వాళ్లను గుర్తుపట్టేలా ఏదీ బయటపెట్టకూడదు. ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. హోమ్ నడిపేవాళ్లతో ముందు మాట్లాడి, వాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే తీయండి. ప్రింట్లు పిల్లలకే ఇవ్వండి, ఫైళ్లు హోమ్‌కి అప్పజెప్పి మీ హార్డ్‌డిస్క్‌లోంచి, కుర్రాళ్ల ఫోన్లలోంచి కూడా తీసేయించండి. వాట్సాప్ స్టేటస్‌కి కూడా వద్దు. పుట్టినరోజుకు ఒక్కో బిడ్డకు ఒక్క ప్రింట్ ఇచ్చినా చాలు, చిన్నప్పటి ఫొటో అంటూ ఒక్కటీ లేకుండా పెరుగుతారు వాళ్లు.