ఫస్ట్ క్లాస్ సీటు బుకింగ్‌లోంచి మాయమైంది, ఏం చేయాలి?

కిటికీసీటు:
సభ్యులందరికీ నమస్కారం. సాయంత్రం ఆరింటి నుంచి ఇదే పని మీద కూర్చున్నాను. ఇప్పుడు రాత్రి పదకొండు దాటింది, అయినా ఒక్క అడుగు ముందుకు పడలేదు. ఏడు నెలల క్రితం రాత్రంతా సాగే ఒక అంతర్జాతీయ విమానంలో ఫస్ట్ క్లాస్ టికెట్ తీసుకుని, 2ఎ సీటు ఎంచుకున్నాను. దిగిన పూటే మా అన్నయ్య ఆపరేషన్ దగ్గర ఉండాలి కనుక, దారిలో నాలుగు గంటలైనా ఒళ్లు తెలియకుండా నిద్రపోవాలనే అంత డబ్బు పెట్టాను. ఈరోజు బుకింగ్ తెరిస్తే 2ఎ ఉండాల్సిన చోట ఒక చిన్న గీత మాత్రమే ఉంది, సీట్ మ్యాప్‌లో వరుసలు ఐదు నుంచి మొదలవుతున్నాయి. ఫోన్ చేస్తే మా దగ్గర అంతా కన్ఫర్మ్‌గానే ఉందంటున్నారు. నా సీటు నాకు తిరిగి రావాలంటే ఏం చేయాలో దయచేసి చెప్పండి.

టార్మాక్:
ఏ రకం విమానం? టికెట్ మీద తరగతి అక్షరం ఏది? అవి చెప్పకపోతే ఎవరూ ఏమీ చెప్పలేరు.

మేఘమార్గం:
సీటు సంగతి తేలేలోగా, నిద్ర కోసమే ఫస్ట్ క్లాస్ తీసుకున్నానని మీరు రాశారు కాబట్టి ఒక మాట చెప్పాలి. విమానం లోపలి గాలిలో తేమ సాధారణంగా ఇరవై శాతానికి మించదు. ముందు క్యాబిన్‌లో మనుషులు తక్కువ, వారి ఊపిరి నుంచి వచ్చే తేమ కూడా తక్కువ కాబట్టి అక్కడి గాలి వెనక క్యాబిన్ కంటే మరింత పొడిగా ఉంటుంది. పైగా లోపలి పీడనం సుమారు ఆరు వేల నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. అందువల్ల లాంజ్‌లోనే భోజనం ముగించి, మద్యం జోలికి పోకుండా, ఎక్కగానే పక్క వేయించుకోండి. దుప్పటి మీదుగా సీటు బెల్టు కనిపించేలా పెట్టుకుంటే కుదుపులు వచ్చినప్పుడు సిబ్బంది మిమ్మల్ని లేపరు. ఈ ఒక్క జాగ్రత్త తెలియక ఎంతోమంది మంచి నిద్ర పోగొట్టుకోవడం నేను చూశాను.

కిటికీసీటు:
మీ సూచనలకు ధన్యవాదాలు గానీ, పడుకోవడానికి ముందు సీటు ఉండాలి కదండీ. టార్మాక్ గారూ, కొన్నప్పటి రసీదులో ఎఫ్ అని ఉంది, ఇప్పుడు బుకింగ్‌లో జె అని కనిపిస్తోంది. రకం అప్పుడు 777-300ఇఆర్, ఇప్పుడు 787.

టార్మాక్:
విమానం మార్చారు. కొత్తదానిలో ఫస్ట్ క్లాస్ లేదు. మిమ్మల్ని బిజినెస్‌లో వేశారు.

పాతబాటసారి:
టార్మాక్ గారు చెప్పింది సరైనదే. 787లో ఫస్ట్ క్లాస్ పెట్టుకున్న సంస్థలు చాలా తక్కువ. ఎఫ్ అనేది ఫస్ట్ క్లాస్ అక్షరం, జె అనేది బిజినెస్‌ది, కాబట్టి మీ సీటు అంకె పోలేదు, తరగతే పోయింది. ఫోన్‌లో వారు కన్ఫర్మ్ అన్నది బహుశా ఈ జె తరగతి గురించే అయి ఉంటుంది. ఇక మీరు రెండు విషయాలు చెప్పాలి: మీకు టికెట్ అమ్మిన సంస్థా, విమానం నడిపే సంస్థా ఒకటేనా? ఎక్కడి నుంచి బయల్దేరుతున్నారు?

మేఘమార్గం:
దీన్ని డౌన్‌గ్రేడ్ అనడం కూడా పెద్ద మాటేమో అనిపిస్తోంది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2000 నాటికే బిజినెస్‌లో పూర్తిగా చదునుగా పరచుకునే పడక పెట్టింది, ఇప్పుడు చాలా సంస్థల్లో అది మామూలైపోయింది. నిద్రే ప్రధానమైతే నష్టం అంతగా ఉండదు.

పాతబాటసారి:
క్షమించండి, ఈ మాటతో నేను ఏకీభవించలేను. కొన్న తరగతి కంటే కింది తరగతిలో కూర్చోబెడితే అది డౌన్‌గ్రేడే, పడక ఎంత చదునుగా ఉన్నా ఆ పేరు మారదు. ఇది పదాల పట్టింపు కాదు, పరిహారం ఆ పదం మీదే ఆధారపడి ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లోని విమానాశ్రయం నుంచి బయల్దేరే విమానమైతే, నడిపే సంస్థ ఏ దేశానిదైనా 261/2004 నిబంధన వర్తిస్తుంది. దాని పదో అధికరణం ప్రకారం 3,500 కిలోమీటర్లు దాటిన ఇలాంటి ప్రయాణంలో టికెట్ ధరలో 75 శాతం ఏడు రోజుల్లో తిరిగి చెల్లించాలి. ఆ శాతాన్ని తరగతి తగ్గిన ఆ ఒక్క విమానం ధర మీదే లెక్కిస్తారని, తరగతితో సంబంధం లేని పన్నులు అందులోకి రావని యూరోపియన్ న్యాయస్థానం 2016లో తేల్చింది. చెల్లించాల్సింది అమ్మిన సంస్థ కాదు, నడిపిన సంస్థ. అందుకే ఇందాక ఆ రెండు ప్రశ్నలు అడిగాను.

కిటికీసీటు:
ఇది ముఖ్యమని తెలియక ముందు రాయలేదు. టికెట్ అమ్మింది ఒక సంస్థ, నడిపేది ఇంకో సంస్థ. బయల్దేరేది యూరప్ నుంచే, తిరుగు ప్రయాణంలో. పోయిన వారం మీ ప్రయాణంలో చిన్న మార్పు అని ఒక మెయిల్ వచ్చింది, సమయం పది నిమిషాలే మారిందనుకుని కింద ఉన్న అంగీకరించు బొత్తాం నొక్కాను.

టార్మాక్:
అదీ ముందే చెప్పాల్సిన విషయమే.

పాతబాటసారి:
కంగారు పడకండి, కానీ ఇక ఏ బొత్తామూ నొక్కవద్దు. ఆ మెయిల్‌లో తరగతి మారుతోందని ఎక్కడా రాయకపోతే, మీరు ఒప్పుకొన్నది సమయానికి మాత్రమేనని గట్టిగా వాదించవచ్చు, కాబట్టి దాన్ని భద్రపరచుకోండి. నడిపే సంస్థ దగ్గర మీ బుకింగ్‌కు వేరే ఆరక్షరాల పీఎన్‌ఆర్ ఉంటుంది. అమ్మిన సంస్థను అడిగి దాన్ని తీసుకుని, దానితో నడిపే సంస్థకే ఫోన్ చేయండి. అదే రోజు లేదా ముందు రోజు ఫస్ట్ క్లాస్ ఉన్న ఇంకో విమానంలోకి మార్చమని అడగండి, దారి మధ్యలో ఒకచోట ఆగేదైనా పరవాలేదని చెబితే అవకాశం పెరుగుతుంది. వారు ఒప్పుకుంటే అంతటితో ఫోన్ పెట్టేయవద్దు. పీఎన్‌ఆర్‌లో స్థితి హెచ్‌కె, అంటే సీటు ఖాయమైనట్టు, అని ఉందా, పదమూడు అంకెల ఈ-టికెట్ కొత్త విమానం మీద మళ్లీ జారీ అయిందా అని అడిగి తెలుసుకోండి. బుకింగ్ మారి టికెట్ పాతదే ఉండిపోతే, విమానాశ్రయంలో కౌంటర్ దగ్గర ఇబ్బంది పడాల్సి వస్తుంది.

మేఘమార్గం:
మధ్యలో ఆగేదైతే రాత్రి నిద్ర రెండు ముక్కలవుతుంది, అది కూడా ఆలోచించుకోండి. ఆపరేషన్ రోజున మీరు తేరుకుని ఉండటం ముఖ్యం కదా.

పాతబాటసారి:
ఆ మాట నిజమే. నేరుగా వెళ్లే విమానంలో బిజినెస్ సీటు తీసుకుని, 75 శాతం కోసం రాతపూర్వకంగా అడగడం కూడా చెడ్డ దారి కాదు. ఏది ఎంచుకున్నా నిర్ణయం మీ చేతుల్లోనే ఉండాలి.

కిటికీసీటు:
నడిపే సంస్థ పీఎన్‌ఆర్ దొరికింది. ముందు రోజు రాత్రి 777లో ఒక సీటు ఉందట, 1కె, రేపు ఉదయానికల్లా చెబుతామన్నారు. ధన్యవాదాలు.

టార్మాక్:
టికెట్ మళ్లీ జారీ అయిందా?