ఇద్దరు పెళ్లికూతుళ్ల రీల్: పెట్టడం తప్పా, తీసేయడం తప్పా?

పట్టుకొట్టు అమ్మాయి, బరంపురం

అందరికీ నమస్కారం. మాది బరంపురంలో పట్టుచీరల కొట్టు, తాతగారు పెట్టింది. ఇప్పుడు నాన్న చూసుకుంటారు, ఆన్‌లైన్ పని నాది. ఈ వేదికలో ఎక్కువమంది మన ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ తెలుగువాళ్లే కాబట్టి మా పరిస్థితి వేరే చెప్పక్కర్లేదని ఇక్కడే రాస్తున్నాను.

మాఘమాసం పెళ్లిళ్ల ముందు ఒక రీల్ చేశాను. బరంపురం పట్టంటే ఆడవాళ్లకు చీర, మగవాళ్లకు జోడ అని మీకు తెలిసిందే. రీల్‌లో జోడ పెట్టకుండా రెండు చీరలే పెట్టాను. ఒకటి కుంకుమ రంగు, ఒకటి పసుపు, రెండింటికీ కుంభం అంచు. మా కొట్టులో పనిచేసే ఇద్దరు అమ్మాయిలు అవి కట్టుకుని ఒకరి మెడలో ఒకరు దండ వేసుకున్నారు. కింద "ఎవరి పెళ్లికైనా మా పట్టే" అని రాశాను. ఏదో కొత్తగా ఉంటుందని చేసింది కాదు, తెలిసే చేశాను. నాతో డిగ్రీ చదివిన స్నేహితురాలు, తను ఇష్టపడ్డ అమ్మాయి గురించి ఇంట్లో చెప్పుకోలేక ఊరే వదిలేసి వెళ్లిపోయింది. అది నా మనసులో ఉండిపోయింది.

మొదటి రోజు అందరూ బాగుందన్నారు. రెండో రోజు పొద్దున్న ఎవరో దాన్ని వాట్సాప్ గ్రూపుల్లో వేశారు. మధ్యాహ్నానికి కొట్టు ఫోన్ బెదిరింపులతో మోగుతూనే ఉంది. కవిటి వైపు ఒక కుటుంబం 22 చీరలకు అడ్వాన్స్ ఇచ్చి ఉన్నారు. ఆ ఇంటి పెద్దాయన ఫోన్ చేసి, మర్యాదగానే, "మా ఇంట్లో ఒప్పుకోవడం లేదండీ, అడ్వాన్స్ పంపించేయండి" అన్నారు. నాన్న మారుమాట లేకుండా పంపించేశారు. ఆ రాత్రే రీల్ తీయించి, "ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే క్షమించగలరు" అని నా చేతే పోస్టు పెట్టించారు. తెల్లారేసరికి ముందు మెచ్చుకున్నవాళ్లు కూడా తిట్టడం మొదలుపెట్టారు. పిరికివాళ్లమట, జనం కోసం నాటకమాడామట.

2021 అక్టోబర్‌లో డాబర్‌కీ ఇలాగే అయింది. ఫెమ్ క్రీమ్ యాడ్‌లో ఇద్దరు ఆడవాళ్లు ఒకరి కోసం ఒకరు కర్వా చౌత్ ఉపవాసం, అంటే ఉత్తరాదిలో భార్యలు భర్త కోసం ఉండే ఉపవాసం, ఉన్నట్టు చూపించారు. మధ్యప్రదేశ్ హోం మంత్రి చట్టపరంగా చర్య తీసుకుంటామనడంతో కంపెనీ యాడ్ తీసేసి క్షమాపణ చెప్పింది. అంత పెద్ద కంపెనీయే నిలబడలేకపోయింది, మనమెంత అని నాన్న.

వ్యాపారం చేసేవాళ్లు ఇలాంటి విషయంలో ఒక పక్షాన నిలబడొచ్చా? నిలబడ్డాక జనం తిరగబడితే వెనక్కి తగ్గాలా? దయచేసి మీకు నిజంగా అనిపించింది చెప్పండి.

పర్లాకిమిడి మాస్టారు

అమ్మా, మీ నాన్నగారు చేసింది సబబు. మొదట ఆ రీల్ పెట్టడమే తొందరపాటు.

2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం, స్వలింగ వివాహం రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని, చట్టం చేయాలంటే పార్లమెంటే చేయాలని చెప్పింది. చట్టమే ఒప్పుకోని పెళ్లిని పెళ్లి బట్టలమ్మే కొట్టు చూపించడం దేనికి? ఆ పిల్లలు ఎవరితో ఉంటారన్నది వాళ్లిష్టం, దాని మీద నాకు కోపం లేదు. కానీ పెళ్లంటే ఇద్దరు మనుషుల సంగతే కాదు, రెండు ఇళ్లది. చీర కొనేది పెళ్లికూతురు ఒక్కతే కాదు, అమ్మమ్మ నుంచి ఆడపడుచు దాకా పదిమంది మీ కొట్టులో కూర్చుని కొంటారు. ఆ పదిమందినీ నొప్పించి ఎవరికి అమ్ముతారు?

ఇంకోమాట, ఇదే నాకు ముఖ్యం. 1936లో ఒడిశా వేరే రాష్ట్రం అయ్యాక ఇక్కడే ఉండిపోయినవాళ్లం మనం. నేను తెలుగు బడిలో పాఠం చెప్పాను, క్లాసులో పిల్లలు ఏటికేడు తగ్గిపోవడం కళ్లతో చూశాను. గొడవంటూ వస్తే "ఫలానా కొట్టు" అనరు. "ఆ తెలుగోళ్ల కొట్టు" అంటారు. మీరు ఒక్కరు చేసినదానికి బజారులో ఉన్న తెలుగు కొట్లన్నీ జవాబు చెప్పాలి. మీ నాన్నగారికి ఆ రాత్రి ఏం తోచి ఉంటుందో నేను ఊహించగలను.

లా స్టూడెంట్, రాయగడ

మాస్టారూ, తీర్పు గురించి మీరన్నది నిజమే, కానీ సగమే. 2018 సెప్టెంబర్ 6న అదే కోర్టు ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదని తేల్చేసింది. 2023లో పెళ్లికి గుర్తింపు ఇవ్వలేదు, అంతే. కలిసి ఉండొద్దనలేదు. మన ఒరిస్సా హైకోర్టే 2020 ఆగస్టులో, ఒక ట్రాన్స్ పురుషుడి (ఆడపిల్లగా పుట్టి మగవాడిగా బతికే వ్యక్తి) దగ్గర్నుంచి అతని భాగస్వామిని ఇంటివాళ్లు తీసుకెళ్లిపోతే, వాళ్లిద్దరికీ కలిసి బతికే హక్కుందని చెప్పి రక్షణ ఇమ్మంది. గుర్తింపు లేకపోవడం వేరు, నిషేధం వేరు. ఆ పెళ్లిని చట్టం నమోదు చేయదు. ఆ రీల్‌ని మాత్రం ఏ చట్టమూ ఆపదు. డాబర్ యాడ్ గురించి కూడా, అప్పటి సుప్రీంకోర్టు న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్, జనంలో అసహనం వల్ల ఒక కంపెనీ యాడ్ తీసేయాల్సి వచ్చిందని సభలోనే బాధపడ్డారు.

అక్కా, ఇంకో కోణం చూడండి. బెల్‌ఫాస్ట్‌లో ఆషర్స్ అనే బేకరీ ఉంది. స్వలింగ వివాహానికి మద్దతివ్వండని కేకు మీద రాయమంటే 2014లో ఆ ఓనర్లు కుదరదన్నారు, వాళ్ల మతనమ్మకం అడ్డొచ్చింది. కింది కోర్టుల్లో ఓడిపోయారు. 2018 అక్టోబర్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు మాత్రం అయిదుగురు జడ్జీలూ ఒకే మాటగా బేకరీ వైపే తీర్పిచ్చింది. ఎందుకంటే వాళ్లు మనిషిని కాదనలేదు, ఆ మాట రాయమన్నారు కాబట్టి కాదన్నారు. ఎవరొచ్చి అడిగినా ఆ మాట రాయరు. ఈ తేడా నాకు చాలా నచ్చింది. కొట్టుకొచ్చిన ఇద్దరమ్మాయిలకు పెళ్లిచీరలు చూపించనంటే అది మనిషిని కాదనడం, అది తప్పు. గోడ మీద ఏ బొమ్మ పెట్టుకోవాలన్నది ఓనరు ఇష్టం. ఆ లెక్కన మీరు రీల్ పెట్టడమూ మీ ఇష్టమే, నాన్నగారు తీయడమూ ఆయన ఇష్టమే. కొనడం మానేయడం కవిటి వాళ్లిష్టం. ఇందులో నాకు తప్పుగా కనిపించేది ఒక్కటే, వాట్సాప్‌లో తిప్పి ఫోన్లు చేసి బెదిరించడం.

జయపురం కిరాణా

నాకు కోర్టులు తెలియవు, గల్లాపెట్టె తెలుసు.

అమెరికాలో చిక్-ఫిల్-ఎ అని చికెన్ హోటళ్ల కంపెనీ. 2012లో దాని ప్రెసిడెంట్ స్వలింగ వివాహానికి వ్యతిరేకంగా మాట్లాడాడు. ఒకవైపు తినడం మానేయమని పిలుపు, ఇంకోవైపు ఆగస్టు 1న మద్దతుగా అందరూ వెళ్లి తినమని పిలుపు. ఆ రోజు బయటిదాకా క్యూలు, కంపెనీకి రికార్డు అమ్మకాలు. స్టార్‌బక్స్ అదే ఏడాది వాషింగ్టన్ రాష్ట్రంలో స్వలింగ వివాహ చట్టానికి మద్దతిచ్చింది. దాన్నీ బాయ్‌కాట్ చేశారు. మరుసటి ఏడాది మీటింగులో ఒక షేర్‌హోల్డర్ నష్టం గురించి అడిగితే, పోయిన ఏడాది 38 శాతం లాభం ఇచ్చాం, ఇంతకన్నా ఎక్కువ ఎక్కడైనా వస్తే షేర్లు అమ్ముకోమని ఆ కంపెనీ పెద్దాయన మొహం మీదే చెప్పాడు.

రెండూ బతికాయి. కానీ 2019లో చిక్-ఫిల్-ఎ దానధర్మాల పద్ధతి మార్చుకుని, స్వలింగ సంపర్కులకు వ్యతిరేకమని విమర్శలున్న కొన్ని సంస్థలకు విరాళాలు ఆపేస్తామంటే, ఆ రోజు క్యూలో నిలబడ్డవాళ్ల తరఫునే మోసమన్న మాట వచ్చింది. పక్షం తీసుకోవడం కన్నా మధ్యలో మార్చడం ఎక్కువ నష్టం.

అయితే అమ్మాయ్, వాళ్లకు వేల కొట్లు. ఒక ఊళ్లో బేరం పోతే ఇంకో ఊళ్లో వస్తుంది. నీకు ఒక్కటే కొట్టు, 22 చీరలు పోతే ఆ నెల జీతాలకు చూసుకోవాలి. మగ్గం మీద సగం నేసిన చీర ఎవరికి అంటగడతావు? నిలబడాలనుకుంటే ముందు ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకుని నిలబడు.

సోంపేట కోడలు, పుట్టిల్లు బరంపురం

నేనైతే ఆ కవిటి వాళ్ల పక్షం. నా పెళ్లిచీర ఠాకురాణి జాతర ఏడాది బరంపురంలోనే కొన్నాం, అందుకే చెబుతున్నాను. పెళ్లిచీర అంటే నాకు పూజలో పెట్టుకునే వస్తువు. దాన్ని తీసుకెళ్లి నేను ఒప్పుకోని విషయానికి పోస్టర్ చేస్తే నా ఇంట్లో వస్తువు ఎవరో అడగకుండా తీసుకున్నట్టు ఉంటుంది. కొనడం మానేస్తాను. అది ద్వేషం కాదు. నన్ను మూర్ఖురాలు అనొద్దు. డబ్బు నాది, ఎక్కడ ఖర్చు పెట్టాలో నాకు తెలుసు.

కానీ ఇందాకటి నుంచి అందరూ కోర్టులూ, కంపెనీలూ అంటున్నారు. ఒక్కరూ అడగలేదు, నేను అడుగుతాను. ఆ రీల్‌లో కట్టుకున్న పిల్లల సంగతేంటి? వాళ్ల ఇళ్లల్లో ఏమన్నారు?

పట్టుకొట్టు అమ్మాయి, బరంపురం

అక్కా, మీరు అడిగినదానికి జవాబు రాయడానికి రెండు రోజులు పట్టింది.

వాళ్లిద్దరూ జంట కాదు. ఒకామెకు పెళ్లయింది. రెండో అమ్మాయి చిన్నది, డబ్బులు దాచుకుని కుట్టుమిషన్ కొనుక్కోవాలని చూస్తోంది. రీల్ చేద్దామా అని అడిగితే నవ్వుతూ సరేనంది. ఇది బయటికి వెళ్తే ఏమవుతుందో నేను తనకు చెప్పలేదు. నాకు తెలుసు, తనకు తెలియదు. అసలు ముడి ఇక్కడుంది.

రీల్ తీసేసిన మర్నాడు ఆ చిన్నమ్మాయి మేనమామ వచ్చాడు. లోపలికి రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడి పేరు పెట్టి పిలిచాడు. తను ఆ టైములో ఒక చీరకు ఫాల్ కుడుతోంది. సూది చీరకే గుచ్చి పెట్టి, టిఫిన్ బాక్స్ తీసుకుని, నా వైపు చూడకుండా వెళ్లిపోయింది. ఆ చీర రెండు వారాలు అలాగే ఉంచాను, సూదితో సహా. వాళ్ల వీధిలో ఆ వీడియో చూడని ఇల్లు లేదట. చూస్తున్న సంబంధం ఒకటి ఆగిపోయిందట.

కొట్టుకు 22 చీరలు పోయాయి, వచ్చే సీజన్‌లో ఇంకోలా వస్తాయి. పక్షం తీసుకున్నది నేను, క్షమాపణ చెప్పింది నాన్న, మాటలు పడింది తను. మేం పెట్టిన క్షమాపణలో తన గురించి ఒక్క ముక్క లేదు. పైగా తను ఏదో తప్పు చేసినట్టు మేమే ఒప్పుకున్నట్టు అయింది.

2021 ఏప్రిల్‌లో కేరళ భీమా జ్యువెలరీ యాడ్ నేను చాలాసార్లు చూశాను. ఒక ట్రాన్స్ అమ్మాయిని ఇంటివాళ్లు నగలు పెట్టి పెళ్లికూతుర్ని చేస్తారు. ఆ పాత్ర వేసిందీ ట్రాన్స్ మహిళే. తను ఏం చేస్తోందో తెలిసి చేసింది. నేను దాని అందం చూసి నేర్చుకున్నాను గానీ ఈ సంగతి పట్టించుకోలేదు.

కొరాపుట్, ఇప్పుడు విశాఖ

నేను గే. ఈ వేదికలో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నాలుగేళ్లుగా ఒకతనితో కలిసి ఉంటున్నాను. 2024 ఆగస్టులో ఆర్థిక శాఖ మాలాంటివాళ్లు జాయింట్ ఖాతా తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికి ఆంక్షలేమీ లేవని స్పష్టం చేశాక, బ్యాంకుకి వెళ్లి అతని పేరు రాయించుకుని వచ్చాను. మాకు పెళ్లికి దగ్గరగా ఉన్నది ప్రస్తుతానికి ఆ కాగితమే.

చెల్లీ, నీ రీల్ నాకు కొరాపుట్ నుంచి మా చెల్లెలు పంపింది. ఏమీ రాయలేదు, ఊరికే పంపింది. నా గురించి తనకు తెలుసని నాకు ఆ రోజే అర్థమైంది. రెండో రోజు లింకు తెరిస్తే రీల్ లేదు, క్షమాపణ ఉంది. మనోభావాలు దెబ్బతిన్నాయని రాసి ఉంది. దెబ్బ నేనే అన్నట్టు అనిపించింది. రీల్ మాట్లాడకుండా తీసేసి ఉంటే ఇంత బాధపడేవాణ్ణి కాదు. తీయడం భయం వల్ల అనుకునేవాణ్ణి, భయం నాకు బాగా తెలుసు.

మాస్టారూ, మన తెలుగు కొట్ల పరువు గురించి మీరన్నది నేను కొట్టిపారేయను. కానీ నేనూ ఆ తెలుగువాళ్లలో ఒకణ్ణే. తక్కువమంది ఉన్నచోట తలొంచుకు బతకడం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

పట్టుకొట్టు అమ్మాయి, బరంపురం

అన్నా, క్షమించండి. ఈ మాట మీకు చెప్పాల్సింది, వాట్సాప్ గ్రూపులకు కాదు.

నిన్న రాత్రి నాన్నకు ఈ చర్చంతా చదివి వినిపించాను. ఆయన ఇప్పటికీ రీల్ మళ్లీ పెట్టడానికి ఒప్పుకోవడం లేదు. కానీ పాత క్షమాపణ తీయించారు. దాని బదులు ఇద్దరం కూర్చుని ఇది రాశాం: "ఆ రీల్ మా కొట్టు నిర్ణయం. అందులో కనిపించిన అమ్మాయిలు మేం అడిగితే చేశారు. అభ్యంతరం ఉన్నవాళ్లు కొట్టుకు వచ్చి మాతో మాట్లాడండి. పెళ్లిబట్టల కోసం ఎవరు వచ్చినా కూర్చోబెట్టి చూపిస్తాం." చివరి వాక్యం నాన్న సొంతంగా చెప్పింది.

ఆ అమ్మాయి రాని రోజులకు జీతం పక్కన పెట్టాం. రీల్ సంగతి తనతో మాట్లాడాకే. తను వద్దంటే నా ఫోన్‌లో కూడా ఉంచను.

పర్లాకిమిడి మాస్టారు

అమ్మా, నేను ఇంకా మీ నాన్నగారి పక్షమే, కొట్టుకు ఈ తగువు వద్దనే అంటాను. కొరాపుట్ బాబూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఊరికి వచ్చినప్పుడు పర్లాకిమిడి రా, ఇద్దరూ రండి, మా ఇంట్లో భోంచేద్దురు గాని.

అమ్మా, జీతం ఎవరితోనో పంపొద్దు. నాన్నగారిని కూడా తీసుకుని వెళ్లు. ఆ మేనమామకు ఓనరే వచ్చి చెప్పాలి, పిల్ల తప్పేం లేదని.

పట్టుకొట్టు అమ్మాయి, బరంపురం

రేపు పొద్దున్న కొట్టు తెరవకముందే వెళ్తున్నాం మాస్టారూ. నాన్న వస్తానన్నారు.