షెడ్డు మెటీరియల్ మూడు వారాలుగా ఆగిపోయింది, వేరే చోట కొనొచ్చా?

పలాస జీడి యూనిట్:
పొద్దున్నుంచి ఫోన్లతోనే సరిపోయింది. ప్రీఫ్యాబ్ షెడ్డు మొదలుపెట్టాం, మెటీరియల్ రావడం లేదు. సప్లయర్‌ని అడిగితే మూడు వారాలుగా ఒకటే పాట, "రేపు లోడ్ అవుతుంది సార్". హైడ్రా క్రేన్ అద్దె, ఎనిమిది మంది కూలీ ఊరికే పోతున్నాయి. మిగతాది వేరే కంపెనీలో కొనేసి పని కానిచ్చేయొచ్చా? అర్జెంట్.

రాజాం సైట్ ఇంజినీర్:
ఏ మెటీరియల్? డ్రాయింగ్ పెట్టండి.

బొబ్బిలి ఫ్యాబ్రికేటర్:
బోల్టులతో బిగించే స్టీలు షెడ్డుని పీఈబీ (ప్రీ-ఇంజినీర్డ్ బిల్డింగ్) అంటారు. ప్రీఫ్యాబ్ అంటే సైట్ ఆఫీసులకి పెట్టే రెడీమేడ్ గదులు. అందరూ కలిపేసి మాట్లాడతారు, అక్కడే ఆర్డరు తప్పుతుంది.

నరసన్నపేట కాంట్రాక్టర్:
పేరులో ఏముందండీ. వైజాగ్ స్టీల్ మన పక్కనే పెట్టుకుని దూరం నుంచి తెప్పించుకోవడం ఎందుకు? అదీ అసలు తప్పు.

బొబ్బిలి ఫ్యాబ్రికేటర్:
అక్కడ చేసేది కడ్డీలు, యాంగిళ్లు, చానళ్లు. పీఈబీ స్తంభాలకి ప్లేటు కావాలి, పర్లిన్లకి (రేకుని మోసే అడ్డ కమ్ములు), రేకుకి కాయిల్, అంటే చుట్టగా వచ్చే స్టీలు షీటు కావాలి. అవి అక్కడ తయారు కావు. పక్కనే ఉన్నా మనకి ఒరిగేదేమీ లేదు.

పలాస జీడి యూనిట్:
అయ్యా, స్టీలు గొడవ కాదు! స్తంభాలు, రాఫ్టర్లు (వాలు దూలాలు), పర్లిన్లు అన్నీ నిలబడ్డాయి. ఆగింది పైకప్పు పఫ్ ప్యానెళ్లు (రెండు రేకుల మధ్య ఫోమ్ ఉండేవి), 50 ఎంఎం. ఒక వాలుకి వచ్చాయి, వేసేశాం. రెండో వాలువీ, రిడ్జ్ క్యాప్ (రెండు వాలులు కలిసే చోట పైన మూసే రేకు) రాలేదు.

రాజాం సైట్ ఇంజినీర్:
ఇది ముందే చెప్పాలి కదా.

విజయనగరం ఎరెక్షన్:
కొనొచ్చు. కాకపోతే ఒకే వాలులో ఇద్దరి ప్యానెళ్లు కలపకండి. పక్క జాయింట్లు ఒక కంపెనీవి ఇంకో దానికి కూర్చోవు, నీళ్లు కారతాయి. మీకు ఒక వాలు పూర్తయింది కాబట్టి రెండోది మొత్తం ఒకరిదే వేయండి. ముందు మీ పర్లిన్ల దూరానికి ఆ ప్యానెల్ సరిపోతుందో రాతపూర్వకంగా తీసుకోండి.
రిడ్జ్ క్యాప్ కోసం ఎదురుచూడటం దండగ. అదే రంగు, అదే రాల్ నంబరు (రంగు కోడ్) కాయిల్ దొరికితే విశాఖలో బెండింగ్ మిషన్ ఉన్న షాపులో వంచి ఇస్తారు. నాకూ ఒకసారి ప్యానెళ్లన్నీ వచ్చాయి, జాయింట్లలో నీళ్లు కారకుండా వేసే బ్యూటైల్ టేపు రాలేదు. అరచేతిలో పట్టే టేపు చుట్ట కోసం క్రేన్ నాలుగు రోజులు నిలబడింది! అప్పటినుంచి స్క్రూలు, టేపు నూటికి పది ఎక్కువే తెప్పిస్తున్నాను. లోడింగ్ కూడా బిగించే వరసలోనే చేయమని ఆర్డరులోనే రాయిస్తాను.

టెక్కలి వాసి:
అందరూ అసలు సంగతి వదిలేశారు. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న తీరం దాటింది పలాస దగ్గరే. కట్టడాలపై గాలి భారానికి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో 2015 సవరణ ప్రకారం, తీరానికి 60 కిలోమీటర్ల లోపు పారిశ్రామిక కట్టడాలకి గాలి వేగాన్ని 1.15తో హెచ్చించాలి. గాలి ఒత్తిడి వేగం వర్గంతో (స్క్వేర్‌తో) పెరుగుతుంది కాబట్టి మూడో వంతు దాకా ఎక్కువ. మీ డిజైన్‌లో అది ఉందా? ఒక వాలు కప్పి రెండోది తెరిచి ఉంచితే గాలి లోపలికి దూరి వేసిన ప్యానెళ్లని కిందనుంచి ఎత్తేస్తుంది.

నరసన్నపేట కాంట్రాక్టర్:
తుపాను పేరు చెప్పి భయపెట్టకండి సార్. తుపానుల కాలానికి ఇంకా నెల ఉంది.

టెక్కలి వాసి:
నెలా? ప్యానెళ్ల కోసమే మూడు వారాలుగా ఆగామన్నారుగా.

పలాస జీడి యూనిట్:
డిజైన్ సంగతి సప్లయర్‌నే అడగాలి, వాడేమో ఫోన్ ఎత్తడు. గాలికి ఫ్రేము ఊగకుండా పట్టే బ్రేసింగ్ రాడ్లు ఇవాళే బిగించుకుంటున్నాం. క్యాప్ విశాఖలో వంచిస్తాను, రెండో వాలుకి వేరే వాళ్ల రేటు తీసుకున్నాను. థ్యాంక్స్ అందరికీ.

బొబ్బిలి ఫ్యాబ్రికేటర్:
అయినా అది పీఈబీ.

విజయనగరం ఎరెక్షన్:
క్యాప్‌కి కాయిల్ మందం ఎంత తీసుకుంటున్నారు? ప్యానెల్ పైరేకు కన్నా పల్చగా ఉంటే గాలికి టపటపా కొట్టుకుంటుంది.