డ్రాగన్లు, జలకన్యలు, రెక్కల బొమ్మలు: సేకరణ మొదలెట్టాను, మన గోదారి వాతావరణంలో ఎలా కాపాడుతున్నారండి?

పాలకొల్లు పిచ్చుక:
పోయిన నెల మా అన్నయ్య హైదరాబాద్ నుంచి జానెడు డ్రాగన్ బొమ్మ తెచ్చాడు, రెజిన్‌ది (అచ్చులో పోసి గట్టిపరిచే ప్లాస్టిక్ లాంటిది), ఒక్కో పొలుసూ విడిగా కనిపిస్తుంది. దాన్ని చూశాక పక్కన జలకన్య ఉంటే బావుండుననిపించింది, ఆ పక్కన రెక్కల పిల్ల, ఇంకేముంది, దిగిపోయాను. నెలకి 1,500 మించి పెట్టలేను. దేంతో మొదలెట్టాలి? మా అత్తయ్యగారేమో "సంక్రాంతి కొలువులో పెట్టుకుందువుగాని, ఇప్పట్నుంచీ హాల్లో ఈ పాములెందుకే" అంటున్నారు.

లంకలబ్బాయి:
ముందు అల్మరా కొలవండి, తర్వాత కొనండి. పెట్టె మీద 1/7 అని ఉంటే 160 సెంటీమీటర్ల మనిషిని ఏడో వంతుకి దించారన్నమాట, సుమారు 23 సెంటీమీటర్లు. అది ఎత్తు మాత్రమే, రెక్కల వెడల్పు ఆ అంకెలో ఉండదు. నేను కొన్న రెక్కల యోధురాలు అరలో పట్టక ఏడాదిగా ఫ్రిజ్ మీద గోడకేసి తిరిగి నిలబడుంది. ఇంకోటి, ఖాళీ పెట్టెలూ లోపలి ప్లాస్టిక్ అచ్చులూ పారేయకండి. 2022 జులై వరదకి మావన్నీ వాటిలో సర్ది అటక ఎక్కించాం కాబట్టి మిగిలాయి.

అమలాపురం బుల్లోడు:
ఆ అటక మీదే మర్చిపోకండి బాబూ! ఇలాంటి బొమ్మలు చాలావరకు పీవీసీ అనే ప్లాస్టిక్‌వి, దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపే ప్లాస్టిసైజర్ మెల్లగా పైకి ఊరుతుంది. మూసిన పెట్టె, ఎండాకాలం వేడి తోడైతే మరీను. మా మంత్రగత్తె బొమ్మ బయటికి తీస్తే పనసకాయ కోసిన చేయిలా జిగటగా ఉంది, దుమ్మంతా దానికే. గోరువెచ్చని నీళ్ళలో చుక్క గిన్నెల సోపు వేసి మెత్తటి బ్రష్‌తో కడిగి నీడన ఆరబెట్టాను, పోయింది. మరిగే నీళ్ళు మాత్రం వద్దు, కత్తులూ కొమ్ములూ వంగిపోతాయి.

భీమవరం నుంచి:
తేమకీ పురుగుకీ అరలో నాలుగు కలరా ఉండలు వేస్తే సరిపోద్ది కదండీ, మేం చీరలకి అదేగా చేస్తాం.

రాజమండ్రి జడకుచ్చులు:
అయ్యో వద్దండీ! నాఫ్తలీన్ ఆవిరికి కొన్ని రకాల ప్లాస్టిక్ మెత్తబడి అంటుకుపోతుంది. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసుకోండి, చాలు. నా దగ్గర కీళ్ళు తిరిగే రెజిన్ బొమ్మ ఒకటుంది, లోపలంతా ఎలాస్టిక్ తాడుతో బిగించి ఉంటుంది, కళ్ళూ జుట్టూ మార్చుకోవచ్చు. పడమటి కిటికీ పక్కన పెట్టిన పాపానికి ఎండ తగిలిన చెంప పసుపు రాసినట్టయింది, అది ఇక తిరిగి తెల్లబడదు. ఆ చెంప మీదికి జుట్టు దువ్వి పెట్టాను. గౌను మాత్రం నరసాపురం లేసు ముక్కలతో మా పిన్నే అల్లింది, విదేశీ గౌన్లు దాని ముందు బలాదూర్.

మొదట్లోనే బయటి దేశాల నుంచి తెప్పించుకోకండి. బొమ్మల దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. అలాగని సగం ధరకి దొరికేవి చూసి మోసపోకండి, నాకొచ్చిన నకిలీకి ఒక కన్ను నన్ను చూస్తుంది, రెండోది వీధి గుమ్మం చూస్తుంది.

కొలువు మామ్మ మనవడు:
ఫాంటసీ అంటే డ్రాగన్లేనా? కొండపల్లి దశావతారాల్లో చేప నడుములోంచి లేచిన మత్స్యావతారాన్ని మీ జలకన్య పక్కన పెట్టి చూడండి, ఇద్దరూ తోబుట్టువుల్లా ఉంటారు. అవి తెల్ల పొణికి కర్రతో చేస్తారు, చేతిలో పెడితే బరువే తెలియదు. అతుకులకి వాడేది చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన ముద్ద, కాబట్టి పైన చెప్పిన సోపు నీళ్ళు వీటికి అస్సలు తగలనివ్వకండి, పొడి బ్రష్ చాలు. బొమ్మ కింద పిండిలాంటి పొడి రాలితే పురుగు పట్టినట్టే, వెంటనే మిగతావాటి నుంచి విడదీయండి. మేం ఆలస్యం చేసి అంబారీ ఏనుగుని పోగొట్టుకున్నాం.

పాలకొల్లు పిచ్చుక:
కొలిచానండి. అర ఎత్తు 28, లోతు 21. నేను కన్నేసిన జలకన్య తోక మూడు సెంటీమీటర్లు బయటికి వస్తుంది, కాబట్టి ఈ నెల ఆవిడ లేదు. మత్స్యావతారం ఫొటో చూపిస్తే అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశారు, సగం డబ్బులు నేనిస్తానన్నారు కూడా. డ్రాగన్ మాత్రం ఇంకా పామే. మీలో ఎవరైనా విజయవాడ వైపు వెళ్తూ కొండపల్లిలో ఆగేవాళ్ళుంటే చెప్పరూ?