పెన్షన్ వస్తున్న మాజీ సైనికులకి బ్యాంకు ఉద్యోగాల్లో కోటా ఉండాలా?

కోనసీమ కుర్రోడు: క్లర్కు పరీక్ష మూడోసారి పోయింది. నాకంటే బాగా తక్కువ మార్కులొచ్చిన మాజీ సైనికుడు సెలెక్టయ్యారు. వాళ్ల కటాఫ్ వేరంట. ఆయనకి పెన్షనుంది, క్యాంటీనుంది, వైద్యం ఉంది. ఇంకా కోటా ఎందుకండీ? తిట్టకుండా చెప్పండి.

గోదారి గట్టు: బోర్డర్లో నిలబడ్డవాళ్లని ఇలా అడగడానికి నోరెలా వచ్చిందయ్యా?

సిగ్నల్స్ హవల్దార్: అడగనివ్వండి. తమ్ముడూ, 19 ఏళ్లకి చేరాను, 24 ఏళ్ల సర్వీసు చేసి 43కి ఇంటికొచ్చాను. మానెయ్యాలని మానలేదు, హవల్దారుకి గడువు అంతే. సిపాయిలైతే నలభై నిండకుండానే వచ్చేస్తారు. అప్పటికి మా పెద్దాడు ఇంటర్, చిన్నదానికి ఎనిమిదో తరగతి. పెన్షనుతో తిండికి లోటుండదు, చదువులు గట్టెక్కవు. కోటా కూడా ఎక్కడపడితే అక్కడ లేదు. కేంద్ర శాఖల్లో గ్రూప్ సి, అంటే క్లర్కు స్థాయి పోస్టులకి 10 శాతం, ప్రభుత్వ బ్యాంకుల్లో 14.5. ఆ 14.5లోనే 4.5 వికలాంగులైన సైనికులకీ, చనిపోయినవాళ్ల కుటుంబాలకీ. మావాళ్లు దొరక్కపోతే ఆ పోస్టు పైయేడాదికి దాచరు, మీకే ఇచ్చేస్తారు.

కోనసీమ కుర్రోడు: పదో తరగతి పాసై 15 ఏళ్లు సర్వీసు చేస్తే డిగ్రీతో సమానమంట కదా. నేను మూడేళ్లు అమలాపురం బస్సులో వేలాడుతూ వెళ్లి తెచ్చుకున్న డిగ్రీ అది. దీనికి జవాబు చెప్పండి ముందు.

పాలకొల్లు మాస్టారు: ఆ రూలు గ్రూప్ సి పోస్టులకే బాబూ. సాంకేతిక అనుభవం తప్పనిసరి అన్న పోస్టులకి వర్తించదు. పరీక్ష మాత్రం అందరితోపాటు రాయాల్సిందే.

కోనసీమ కుర్రోడు: రాస్తారు సరే, డిగ్రీ లేకుండా రాస్తారు. నేనడిగింది అదే.

పాలకొల్లు మాస్టారు: డిగ్రీతో సమానం అన్నది ఆ పోస్టుకి అర్హత వరకే. డిగ్రీ చేతికిచ్చారని కాదు. రెండింటికీ తేడా ఉంది.

కోనసీమ కుర్రోడు: ఆ తేడా నాకు అన్నం పెట్టదు మాస్టారూ.

మాధవరం ఆడపడుచు: మా పుట్టింటివైపు తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలటరీ మాధవరం అంటారు కదా, అదే. మా బాబాయిలు ముగ్గురు రిటైరయ్యారు, ముగ్గురూ సెక్యూరిటీ గార్డులే. కోటా ఎవరు తినేస్తున్నారో మరి.

సిగ్నల్స్ హవల్దార్: అమ్మా, అసలు సంగతి మీరన్నదే. సర్వీసు చివరి ఏడాదిలో, బయటికొచ్చాక వేరే పని చేసుకోవడానికని రీసెటిల్‌మెంటు కోర్సు ఇస్తారు, జవాన్లకి ఫీజుండదు. నాకొచ్చింది ఆఫీసు మేనేజ్‌మెంటు. నేను 24 ఏళ్లు చేసిందేమో కేబుళ్ల పని. లేహ్‌లో ఫైబర్ తెగితే గ్లౌజులు తీసి అతకాలి, వాటితో ఆ పోగు చేతికి చిక్కదు. వేళ్లు మొద్దుబారిపోతే చంకలో పెట్టుకుని వెచ్చబడ్డాక మళ్లీ పట్టుకునేవాణ్ణి. ఊరొచ్చాక ఇంటర్నెట్ లైన్లు వేసే కాంట్రాక్టరు దగ్గరికెళ్లాను. డిశ్చార్జి పుస్తకం తెరవనే లేదు, ఐటీఐ సర్టిఫికెట్ ఉందా అన్నాడు. ఆరు నెలలు ఏటీఎం దగ్గర రాత్రి డ్యూటీ చేశాను. ఆ గదిలో ప్లాస్టిక్ కుర్చీ, నేను. మా ఊరివాళ్లు డబ్బులు తీసుకోవడానికొస్తే మొహం తిప్పుకునేవాణ్ణి. మాకు కావాల్సింది చేసిన పనికి విలువ కట్టే కాగితం, పరీక్షకి పనికొచ్చే కోచింగు. ఇరవై ఏళ్లు లెక్కలు ముట్టనివాడికి పుస్తకమిచ్చి రాయమంటే కటాఫ్ ఎలా లేస్తుంది?

అగ్నివీర్ అక్క: మా తమ్ముడు అగ్నివీర్. నాలుగేళ్లకి నూటికి పాతికమందినే ఉంచుతారు. మిగతావాళ్లకి పెన్షనే లేదు, 11.71 లక్షల సేవా నిధి ఇచ్చి పంపేస్తారు. వాడి గురించి ఎవరైనా మాట్లాడండి.

కోనసీమ కుర్రోడు: ఎప్పుడూ లేహ్, చలి, మంచు. అవి చెబితే ఇంకెవరూ నోరెత్తకూడదు. కష్టం మీ ఒక్కరిదేనా?

గోదారి గట్టు: ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడు.

సిగ్నల్స్ హవల్దార్: మా కంపెనీలో ఇద్దరు తిరిగి రాలేదు. వాళ్ల మాట నీ నోట రావద్దు. నీకు ఉద్యోగం రాకపోతే చదువుకో, మా మీద పడకు.

కోనసీమ కుర్రోడు: చదువుకోమంటున్నారా? మా నాన్న 31 ఏళ్లుగా కౌలుకి వరి వేస్తున్నాడు. మొన్న తుఫానుకి కోతకొచ్చిన చేను నీళ్లలో పడిపోతే నడుం లోతులో నిలబడి వెన్నులు తడిమి చూశాడు, అన్నీ మొలకలే. ఆయనకి పెన్షన్ లేదు, క్యాంటీన్ లేదు, డిశ్చార్జి పుస్తకం లేదు. మీరు తిన్న బియ్యం కూడా ఎవరో ఒకరు పండించినవే కదండీ. మీ ఉద్యోగం లాక్కుందామని కాదు నా బాధ. మీ చాకిరీకి పేరుంది, రూలుంది, శాతముంది. మా నాన్నది లెక్కలోకే రాదు. అందుకే ఆ కటాఫ్ చూస్తే కడుపు మండిపోతుంది.

పాలకొల్లు మాస్టారు: ఇది ముందే చెప్పుంటే డిగ్రీ గురించి ఇంతసేపు వాదించుకునేవాళ్లం కాదు బాబూ.

సిగ్నల్స్ హవల్దార్: మీ నాన్నగారి సంగతి నాకు తెలీదు తమ్ముడూ. చదువుకో అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కోటా ఉండాలనే ఇప్పటికీ అంటాను, అందులో మార్పు లేదు. ఒక్కటి చెప్పు, నాన్నకి కౌలు కార్డు ఉందా? 2019 చట్టం ప్రకారం 11 నెలలకి ఇస్తారు కదా. అది ఉంటే పంట నష్టానికి రాసుకోవచ్చు.

కోనసీమ కుర్రోడు: లేదండి. భూమి యజమాని సంతకం పెట్టాలి. పెడితే భూమి పోతుందని ఆయన భయం. మూడేళ్లుగా అడుగుతున్నాం.